ఎక్స్‌టెన్షన్ రిసీట్ చూపించినా బ్యాంకు అకౌంట్‌ని విడిపించడం లేదు, ఇంకేం చూపించాలి?

కొల్లేటి_కొంగ (ప్లేనో, టెక్సస్), 2025 నవంబరు 4

అందరికీ నమస్కారమండి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ముక్కలుగా చెబితే అసలు సంగతి జారిపోతుందని మొత్తం పెడుతున్నాను.

నేను 2014 ఆగస్టులో ఎంఎస్ చదవడానికి వచ్చాను. దిగిన మూడో రోజు యూనివర్సిటీ పక్కనున్న బ్రాంచ్‌లో పాస్‌పోర్ట్, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం చూపించి అకౌంట్ తెరిచాను. నాన్నగారు చేపల చెరువు లీజు డబ్బులోంచి తీసి ఇచ్చిన 1,800 డాలర్లు అందులో పడ్డ మొదటి సొమ్ము. పదకొండేళ్ళుగా అదే అకౌంట్. జీతం అందులోకే, అద్దె అందులోంచే, ఇంటికి పంపేదీ అందులోంచే. 2016 అక్టోబరులో హెచ్-1బి (ఉద్యోగ వీసా) మొదలైంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంది కాబట్టి ఆరేళ్ళు దాటాక కూడా మూడేళ్ళ పొడిగింపు ఇచ్చారు. అది ఈ సెప్టెంబరు 28తో అయిపోయింది. కంపెనీ వాళ్ళు జులైలోనే మళ్ళీ ఎక్స్‌టెన్షన్‌కి ఫైల్ చేశారు, దరఖాస్తు అందిందని చెప్పే రిసీట్ నోటీస్ ఐ-797సి వచ్చింది. గడువులోపు ఫైల్ చేస్తే అదే కంపెనీలో 240 రోజుల దాకా పని చేసుకోవచ్చు. అంటే ఇవాళ నేను ఉద్యోగానికి వెళ్ళడంలో ఏ తప్పూ లేదు, జీతం కూడా మామూలుగానే పడుతోంది.

ఆగస్టులో బ్యాంకు నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది, మీ వివరాలు అప్‌డేట్ చెయ్యండి, ఈ లింక్ నొక్కండి అని. అలాంటి లింకులు నొక్కవద్దని మా ఆఫీసులో ఏటా శిక్షణ ఇస్తారు. దొంగ మెయిల్ అనుకుని తీసేశాను. నా వైపు నుంచి జరిగిన పొరపాటు అదొక్కటే, ఒప్పుకుంటున్నాను.

అక్టోబరు 29, బుధవారం సాయంత్రం సరుకులు కొంటుంటే కార్డు పని చెయ్యలేదు. యాప్ తెరిస్తే బ్యాలన్స్ కనిపిస్తోంది, కానీ పైసా కదలదు. 31న జీతం లోపలికి వచ్చింది. ఒకటో తారీఖున అద్దె బయటికి పోలేదు, అపార్ట్‌మెంట్ వాళ్ళు లేట్ ఫీజు వేశారు. పాప డేకేర్ చెక్కు వెనక్కి వచ్చింది. అక్కడి డైరెక్టరమ్మ మా ఆవిడని పక్కకి పిలిచి నెమ్మదిగానే అడిగారట. ఇంటికొచ్చాక తను ఆ సంగతి చెబుతుంటే తన ముఖంలోకి చూడలేకపోయాను. తను హెచ్-4, అంటే నా వీసా మీద ఆధారపడ్డ భార్య వీసా. తన ఐ-94 (ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే రికార్డు) కూడా నాతోపాటే అయిపోయింది కాబట్టి ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) ఆటోమేటిక్ పొడిగింపు తనకి అక్కరకి రాలేదు, సెప్టెంబరు 29 నుంచి ఉద్యోగం ఆపేసి ఇంట్లో ఉంది. ఉన్నది ఒక్క జీతం, అది కూడా కళ్ళముందు కనిపిస్తూ చేతికి అందడం లేదు.

శనివారం బ్రాంచ్‌కి వెళ్ళాను. పాస్‌పోర్ట్, పాత అప్రూవల్ నోటీసు ఐ-797, కొత్త రిసీట్, ఐ-94, జీతం స్లిప్పులు, 240 రోజుల నిబంధన ప్రింట్, అన్నీ ఒక ఫైల్‌లో సర్దుకుని వెళ్ళాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. చాలా మర్యాదగా మాట్లాడింది. పాస్‌పోర్ట్ తీసుకుని తిన్నగా వీసా పేజీకి వెళ్ళి, "మీ వీసా 2022లోనే అయిపోయింది కదా" అంది. అది 2019లో హైదరాబాద్ కాన్సులేట్‌లో వేసిన స్టాంపు. వీసా అన్నది గుమ్మం దాటి లోపలికి రావడానికి, లోపల ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అని వివరించాను. మళ్ళీ స్టాంపింగ్ ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో 2019 తర్వాత నేను ఇంటికే వెళ్ళలేదు. నాన్నగారి షష్టిపూర్తి కూడా ఫోన్‌లోనే చూశాను. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పి ప్రయోజనం లేదు కాబట్టి చెప్పలేదు.

తర్వాత రిసీట్ చూసింది. ఐ-797సి చూసినవాళ్ళకి తెలుసు, ఈ నోటీసు ఎలాంటి ఇమ్మిగ్రేషన్ స్థితినీ ప్రయోజనాన్నీ ఇవ్వదు అని దానిమీదే పెద్దక్షరాలతో ఉంటుంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి నా వైపు చూసింది. నేను 240 రోజుల నిబంధన తీసి ఇచ్చాను. చదివింది, నిజంగా శ్రద్ధగా చదివింది. చదివి, "మీరు చెప్పేది నేను నమ్ముతున్నానండి, కానీ ఈ గడిలో గడువు తేదీ వెయ్యాలి, అయిపోయిన తేదీ వేస్తే సిస్టమ్ తీసుకోవడం లేదు" అంది. రిసీట్ మీద గడువు తేదీ ఉండదు. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఉన్నది సెప్టెంబరు 28, ఎందుకంటే మాకు లైసెన్స్ ఐ-94 తేదీతోనే ముగుస్తుంది. పాస్‌పోర్ట్‌కి 2031 దాకా గడువుంది, దాన్ని పక్కన పెట్టేసింది. లోపలి ఆఫీసుకి ఫోన్ చేసి నలభై నిమిషాలు లైన్‌లో ఉంది. చివరికి, ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయ్యాక రమ్మన్నారు అంది. ఎప్పుడు అవుతుంది అని నన్నే అడిగింది.

నేను ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. ఇమ్మిగ్రేషన్ లాయర్లకే తల తిరిగే కాగితాలు తెచ్చి బ్యాంకు కౌంటర్ మీద పెట్టి, ఇవి చెల్లుతాయో లేదో చెప్పమంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కానీ ఆ బరువంతా ఇప్పుడు నా ఇంటి మీద పడింది.

నేను అడగదలచుకున్నది ఇది. నా ఇమ్మిగ్రేషన్ స్థితి ఎప్పటికప్పుడు సరిచూడాలని బ్యాంకుకి నిజంగా చట్టం ఏదైనా చెబుతోందా? చెబితే ఏ కాగితం చాలు? చెప్పకపోతే నేను ఎవరితో, ఏ మాటలతో మాట్లాడాలి? అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌కి మార్చమని హెచ్ఆర్‌ని అడిగాను, ఇంకా జవాబు లేదు.

కౌంటర్_వెనక, నవంబరు 4

తమ్ముడూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఇక్కడ ఆరేళ్ళు బ్రాంచ్‌లో, తర్వాత మూడేళ్ళు కస్టమర్ ఫైళ్ళు సరిచూసే విభాగంలో పనిచేశాను. మీకు మెయిల్ పంపింది అలాంటి విభాగమే అయి ఉంటుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు చట్టం సంగతి. 2001 నాటి పేట్రియట్ యాక్ట్‌లో 326వ సెక్షన్, దాని కింద 2003లో వచ్చిన నిబంధనలు. వాటి ప్రకారం అకౌంట్ తెరిచేటప్పుడు బ్యాంకు మీ నుంచి నాలుగు తీసుకోవాలి: పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, ఒక గుర్తింపు సంఖ్య. పౌరులు కానివాళ్ళకి ఆ సంఖ్య ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లాంటి పన్ను నంబరు కావచ్చు, పాస్‌పోర్ట్ నంబరూ దేశమూ కావచ్చు, ఏలియన్ (విదేశీయుల) ఐడీ కార్డు నంబరు కావచ్చు, ఫోటో ఉండి జాతీయతనో నివాసాన్నో చూపించే వేరే ప్రభుత్వ కాగితం నంబరైనా కావచ్చు. ఇందులో ఎక్కడా "ఈయన ఈ దేశంలో ఎన్నాళ్ళు ఉండొచ్చు" అన్న ప్రశ్న లేదు. ఇచ్చిన ఐడీ గడువు తర్వాత ఎప్పుడో తీరిపోతే మళ్ళీ మొదటినుంచీ సరిచూడాలనీ లేదు. 2018 మే 11 నుంచి అమల్లోకి వచ్చిన ఇంకో నిబంధన ఉంది, కస్టమర్ సమాచారాన్ని రిస్కును బట్టి తాజాగా ఉంచుకోవాలని. కానీ దాన్ని కూడా ఇన్నేళ్ళకోసారి తప్పనిసరిగా చెయ్యాలని లేదని, ఆర్థిక నేరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫిన్‌సెన్ 2020 ఆగస్టులో స్పష్టం చేసింది.

మరి బ్యాంకులు ఎందుకు అడుగుతాయి? భయం. లావాదేవీలపై నిఘా సరిగా లేదని 2024 అక్టోబరులో టీడీ బ్యాంక్ నేరం ఒప్పుకుని సుమారు 3 బిలియన్ డాలర్లు కట్టింది. అంతకుముందు 2012లో హెచ్ఎస్‌బీసీ 1.9 బిలియన్లు. వాటికీ మీ ఐ-94కీ ఏ సంబంధమూ లేదు. కానీ అలాంటి దెబ్బ చూసినప్పుడు పైవాళ్ళు చట్టం అడిగినదానికి రెండు గీతలు ఎక్కువే గీస్తారు, ఆ గీతలు కిందికి వచ్చేసరికి కంప్యూటర్‌లో తప్పనిసరి గడులవుతాయి. కౌంటర్‌లో ఆ అమ్మాయికి కనిపించింది ఆ గడే.

ఇంకొకటి చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ లాంటి ప్రభుత్వ ఆఫీసులకి సేవ్ అని ఒక వ్యవస్థ ఉంది, దాంట్లో మీ స్థితి నేరుగా చూసుకోగలరు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి ఈ-వెరిఫై ఉంది. బ్యాంకులకి ఆ రెండూ లేవు. సోషల్ సెక్యూరిటీ వాళ్ళు 2020లో ఒక సర్వీస్ మొదలుపెట్టారు, అది మాత్రం బ్యాంకులు వాడుకోవచ్చు. కానీ అది పేరు, పుట్టిన తేదీ, ఎస్ఎస్ఎన్ కలుస్తున్నాయా అంటే అవును, కాదు అని చెబుతుంది, అంతే. అంటే మీరు ఇచ్చిన ఐ-797 అసలైనదో కాదో తెలుసుకునే దారి ఆ కౌంటర్ దగ్గర లేదు. కాగితం రంగు, తేదీ చూసి నిర్ణయించాలి.

నేను ఆ విభాగంలో రోజుకి నలభై ఫైళ్ళు చూసేదాన్ని. ఒక్కోదానికి పది నిమిషాలు. ఐ-797ఎ అంటే అప్రూవల్, కింద కొత్త ఐ-94 ఉంటుంది, ఐ-797సి అంటే రిసీట్ అన్న తేడా నాకు మొదటి ఏడాది తెలియదు. తేదీ కనపడకపోతే ఫెయిల్ కొట్టేదాన్ని. మా మరిది ఎక్స్‌టెన్షన్ ఆగినప్పుడు ఇంట్లో ఆ కాగితం చేతికి తీసుకుని చూశాక అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఫెయిల్ కొట్టిన వాళ్ళలో మీలా డేకేర్ చెక్కు తిరిగొచ్చినవాళ్ళు ఎందరో.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. మీ స్థితి గురించి వాదించకండి, ఆ దారిలో వెళితే 240 రోజుల దగ్గరే చిక్కుకుంటారు. "నా ఫైల్‌లో ప్రైమరీ ఐడీగా ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ తీసేసి పాస్‌పోర్ట్ పెట్టండి" అని అడగండి. పాస్‌పోర్ట్‌కి 2031 దాకా గడువుంది కాబట్టి గడి ఒప్పుకుంటుంది. రెండోది, అసలు కారణం ఇదే కావచ్చని నాకు అనుమానం: "నా పేరు మీద ఏ పన్ను ఫారం ఉంది, డబ్ల్యూ-9 ఆ, డబ్ల్యూ-8బెన్ ఆ?" అని అడగండి. మొదటిది పన్ను లెక్కలో అమెరికా రెసిడెంట్లకి, రెండోది కానివాళ్ళకి. 2014లో మీరు ఎఫ్-1 స్టూడెంట్, అప్పుడు ఎస్ఎస్ఎన్ కూడా ఉండి ఉండదు. బ్రాంచ్‌లో డబ్ల్యూ-8బెన్ మీద సంతకం పెట్టించి ఉంటారు. అది సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరిదాకే చెల్లుతుంది.

కొల్లేటి_కొంగ, నవంబరు 5

అక్కా, మీరు చెప్పాక పాత ఈమెయిళ్ళు తవ్వాను. 2014 ఆగస్టు నాటి స్కాన్ దొరికింది, డబ్ల్యూ-8బెన్ మీద నా సంతకం. అంటే 2017 డిసెంబరు 31తో దాని పని అయిపోయింది! తర్వాత ఎస్ఎస్ఎన్ ఇచ్చాను కానీ ఇంకే ఫారమూ ఎవరూ అడగలేదు. చెకింగ్ అకౌంట్, వడ్డీ లేదు, కాబట్టి ఏ పన్ను కాగితమూ రాలేదు, నాకూ అనుమానం రాలేదు.

డబ్ల్యూ-9 చూస్తే "యూఎస్ సిటిజన్ లేదా ఇతర యూఎస్ పర్సన్" అని సంతకం పెట్టమంటోంది. నేను పెట్టొచ్చా? రేపు గ్రీన్‌కార్డు దగ్గర ఇదేమైనా అడ్డం వస్తుందేమోనని భయంగా ఉంది.

కౌంటర్_వెనక, నవంబరు 5

పెట్టొచ్చు. అక్కడి "యూఎస్ పర్సన్" పన్ను భాష, ఇమ్మిగ్రేషన్ భాష కాదు. ఎఫ్-1లో మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు లెక్కలోకి రావు, కానీ హెచ్-1బి మొదలైన రోజు నుంచి ప్రతి రోజూ లెక్కే. పన్ను కోసం చూసే 183 రోజుల పరీక్షలో మీరు ఎప్పుడో రెసిడెంట్ అయ్యారు. ఏటా రెసిడెంట్ల పన్ను ఫారం 1040 ఫైల్ చేస్తున్నారు కదా, అదే సాక్ష్యం.

కానీ ఒక్క విషయంలో మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. డబ్ల్యూ-9 ఇచ్చాక బ్రాంచ్‌లో ఎవరైనా తొందరలో స్క్రీన్ మీద "సిటిజన్" అని టిక్ చేసేస్తారు, అలా చేస్తే వాళ్ళకి గడులు తగ్గుతాయి. నేను చూశాను. పౌరుణ్ణని అబద్ధంగా చెప్పుకోవడం ఇమ్మిగ్రేషన్‌లో జీవితాంతం వెంటాడే తప్పు. మీరు సంతకం పెట్టే ప్రింట్ మీద పౌరసత్వం ఇండియా అని ఉందో లేదో చదివాకే పెట్టండి. తప్పుంటే అక్కడే దిద్దించండి, సిగ్గుపడొద్దు.

ఎఫ్ఎన్‌యూ, నవంబరు 5

అన్నా, నాకు కూడా రెండేండ్ల కింద ఇట్లనే అయింది, కాకపోతే పేరు మీద. నా పాస్‌పోర్ట్‌ల సర్‌నేమ్ గడి ఖాళీ. మా ఇంట్ల ఇంటిపేరు, పేరు అన్నీ కలిపి గివెన్ నేమ్‌లనే రాసిన్రు. వీసా మీద పేరంతా సర్‌నేమ్‌కి పోయింది, ఫస్ట్ నేమ్ కాడ ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వచ్చింది. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఒక తీరు, ఎస్ఎస్ఎన్ కార్డు మీద ఇంకో తీరు, బ్యాంకుల మూడో తీరు. మూడు కలవలేదని ఆపిన్రు. మూడు వారాలు తిరిగిన. అమ్మకి హైదరాబాద్‌ల ఆపరేషన్ ఉండె, పైసలు పంపలేక దోస్తు దగ్గర తీసుకున్న.

నేను నేర్చుకున్నది చెప్త. ఫోన్‌ల ఎంత మాట్లాడినా నిలువదు, అకౌంట్ ఎందుకు ఆపిన్రో రాతపూర్వకంగ అడుగు, నువ్వు ఏ రోజు ఏమిచ్చినవో నీ దగ్గర కూడ రాసిపెట్టుకో. పది రోజుల్ల కదలకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే సర్కారు సంస్థ సీఎఫ్‌పీబీల కంప్లైంట్ పెట్టు, ఆన్‌లైన్‌ల ఇరవై నిమిషాల పని. మామూలుగ 15 రోజుల్ల బ్యాంకు జవాబియ్యాలె, మరీ ఆలస్యమైతే 60. నేషనల్ బ్యాంక్ అయితే వాటిని అజమాయిషీ చేసే ఓసీసీకి కూడ పంపొచ్చు. నాది బ్యాంకు పై ఆఫీసుకి పోయినంక, ఒక్క మనిషి మొత్తం ఫైల్ పట్టుకొని చూసిండు, రెండు రోజుల్ల అయిపోయింది. అప్పటిదాంక ఒక్కొక్కరు ఒక్కో ముక్క చూసిన్రు.

ఇంకోటి. రేపే ఒక క్రెడిట్ యూనియన్‌ల (సభ్యుల సహకార బ్యాంకు) పాస్‌పోర్ట్‌తోని చిన్న అకౌంట్ తెరువు, వచ్చే జీతం సగం అటు మళ్లించు. వదినని జాయింట్‌గ పెట్టు. ఇల్లు ఒక్క తాళం మీద నడవొద్దు.

పాత_స్టూడెంట్, నవంబరు 6

అందరూ బ్యాంకుని తిడుతున్నారు కాబట్టి కాదు, నాకు జరిగింది చెప్పాలనిపించింది. నేను 2018లో చదువు అయ్యాక ఇండియా వెళ్ళిపోతూ, అకౌంట్ మూసెయ్యకుండా కార్డు, పాస్‌వర్డ్ రూమ్మేట్‌కి ఇచ్చాను, డిపాజిట్ డబ్బు తిరిగొస్తే పంపుతాడని. అతను ఇంకెవరికో ఇచ్చాడు. ఆరు నెలల్లో అందులోంచి ముసలివాళ్ళని ఫోన్‌లో బెదిరించి లాగిన డబ్బు తిరిగింది. నా పేరు మీద. అకౌంట్ యజమాని దేశంలోనే లేడని ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే ఆగేది. ఆ డబ్బు పోగొట్టుకున్న ముసలమ్మ గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. వెళ్ళిపోయే పిల్లల అకౌంట్లు కొనుక్కునేవాళ్ళు నిజంగా ఉన్నారు. ఇది చదివే స్టూడెంట్లు దయచేసి వెళ్ళే ముందు మూసేసి వెళ్ళండి.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఏళ్ళ తరబడి నెలనెలా జీతం, అద్దె కనిపిస్తున్న అకౌంట్‌ని, ఆరు నెలలు నిద్రపోయి హఠాత్తుగా లేచిన నా అకౌంట్‌ని ఒకే జల్లెడలో పోయడం న్యాయం కాదు.

లీడ్స్_నుంచి, నవంబరు 7

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. మీ దగ్గర చట్టం అడగనిది బ్యాంకు అడుగుతోంది, మా దగ్గర చట్టమే అడగమంది. 2014 ఇమ్మిగ్రేషన్ యాక్ట్ ప్రకారం ఆ డిసెంబరు 12 నుంచి, దేశంలో ఉండే హక్కు లేనివాళ్ళకి కరెంట్ అకౌంట్ తెరవకూడదు. 2016లో ఇంకో చట్టం తెచ్చి, 2017 అక్టోబరు 30 నుంచి అప్పటికే ఉన్న అకౌంట్లని కూడా మూడు నెలలకోసారి హోం ఆఫీసు జాబితాతో పోల్చి చూడమన్నారు. సుమారు 7 కోట్ల అకౌంట్లు! ఏడాది తిరక్కుండానే 2018లో విండ్‌రష్ వ్యవహారం బయటపడింది. కరీబియన్ దీవుల నుంచి చిన్నప్పుడే చట్టబద్ధంగా వచ్చి, ఇక్కడే పనిచేసి ముసలివాళ్ళైనవాళ్ళు, కాగితం చూపలేకపోయినందుకు ఉద్యోగాలూ ఇళ్ళూ పోగొట్టుకున్నారు. ఆ దెబ్బతో అకౌంట్ల తనిఖీ అప్పటికి ఆపాల్సి వచ్చింది. జాబితా చేతిలో ఉన్న ప్రభుత్వానికే ఎవరు ఎవరో తేలలేదంటే, మీ కౌంటర్‌లో ఆ అమ్మాయి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ విదేశీయులకి ఇచ్చిన బీఆర్‌పీ నివాస కార్డుల మీద 2024 డిసెంబరు 31 అని గడువు వేశారు, నా అనుమతి 2027 దాకా ఉన్నా సరే. ఈ-వీసాకి (కార్డు బదులు ఆన్‌లైన్ రికార్డు) మారుతున్నారని అలా చేశారు. బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది, కార్డు గడువు అయిపోతోంది కొత్తది చూపించమని. కొత్త కార్డే లేదు. ఆన్‌లైన్‌లో షేర్ కోడ్ తీసి ఇస్తే బ్యాంకు నేరుగా ప్రభుత్వ సైట్‌లో చూసుకుంటుంది. ఆ అబ్బాయికి షేర్ కోడ్ ఎక్కడ కొట్టాలో నేనే చూపించాను. నా ఫోటో, తేదీ వచ్చాయి, రెండు నిమిషాల్లో అయింది. మీకూ అలాంటిది ఉంటే ఆ అమ్మాయి కాగితాలు చదవాల్సిన పని ఉండేది కాదు. కాకపోతే అలాంటి తలుపు ఒకసారి తెరిచాక ప్రతి బ్యాంకూ ప్రతి నెలా తొంగి చూస్తుందేమో, అది నాకు ఇప్పటికీ గుబులే.

కొల్లేటి_కొంగ, నవంబరు 15

అందరికీ చెప్పాలి కదా అని వచ్చాను. సోమవారం అదే బ్రాంచ్‌కి, అదే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఫైల్ తీయలేదు. పాస్‌పోర్ట్ ఒక్కటి పెట్టి, అక్క చెప్పిన రెండు మాటలే అడిగాను. ఆమె స్క్రీన్ తిప్పి చూపించింది. నా పేరు ఎదురుగా "నాన్ రెసిడెంట్ ఏలియన్, విద్యార్థి" అని ఉంది. పదకొండేళ్ళ క్రితం ఫోటో లాగా. ఆ వరుస మారకుండా ఏ తేదీ వేసినా సిస్టమ్ తీసుకోదట. ఆ సంగతి తనకి కూడా అప్పుడే తెలిసిందని చెప్పింది.

డబ్ల్యూ-9 ఇచ్చాను. ప్రింట్ మీద పౌరసత్వం గడిలో యునైటెడ్ స్టేట్స్ అని వచ్చింది! అక్క ముందే చెప్పకపోతే సంతకం పెట్టేసేవాణ్ణి. దిద్దించాను, ఇండియా అని వచ్చాక రెండుసార్లు చదివి పెట్టాను. మంగళవారం వెటరన్స్ డే సెలవు. గురువారం మధ్యాహ్నం అకౌంట్ కదిలింది. అద్దె కట్టాను, డేకేర్‌కి మా ఆవిడే వెళ్ళి చెక్కు ఇచ్చి వచ్చింది. లేట్ ఫీజు మాత్రం బ్యాంకు ఇవ్వనంది, దానికి సీఎఫ్‌పీబీలో రాశాను. ఆ అమ్మాయి పేరు రాయలేదు, రాతలో ఆమె తప్పేమీ లేదని కూడా పెట్టాను. ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది, అంటే స్థితి విషయంలో నవంబరు 1కీ నవంబరు 13కీ నాలో ఏ మార్పూ లేదు.

పాత_స్టూడెంట్ గారూ, మీరు రాసింది మా తమ్ముడికి పంపాను, వాడు డిసెంబరులో చదువు ముగించుకుని వెళ్ళిపోతున్నాడు. లీడ్స్ గారూ, ఆ గుబులు నాకూ ఉంది. ఎఫ్ఎన్‌యూ తమ్ముడూ, క్రెడిట్ యూనియన్‌లో అకౌంట్ తెరిచాం, మా ఆవిడ పేరే ముందు.

అక్కా, ఇంకొక్క మాట అడగాలి. మా ఆవిడ పాస్‌పోర్ట్ వచ్చే మార్చితో అయిపోతుంది. రెన్యువల్‌కి ఈ వారమే పంపుతున్నాం, కొత్తదానికి నంబరు మారుతుంది. రెండు బ్యాంకుల్లోనూ తన ఐడీ ఇప్పుడు ఆ పాత నంబరే. కొత్తది చేతికి వచ్చేదాకా ఆగి ఒకేసారి మార్పించాలా, లేక రెన్యువల్‌కి వేసినట్టు ఇప్పుడే బ్యాంకుకి రాసి ఇవ్వాలా?

కౌంటర్_వెనక, నవంబరు 15

ఇప్పుడేమీ రాసి ఇవ్వకండి, దాన్ని ఏ గడిలో పెట్టాలో వాళ్ళకి తెలియదు. పాత పాస్‌పోర్ట్ పంపేముందు మొదటి, చివరి పేజీలు స్కాన్ చేసుకోండి. కొత్తది రాగానే, పాతది రద్దు ముద్రతో తిరిగి వస్తే దాన్నీ పట్టుకుని, రెండూ తీసుకెళ్ళండి. కొత్తదాని చివరి పేజీలో పాత నంబరు ఉంటుంది, అది చూపించండి. ఆ అమ్మాయి దగ్గరికే వెళ్ళండి.